ఫొటో చెప్పు సాక్ష్యము

(ధ్యానభాగములు: ఆదికాండము 37:29–35, నిర్గమకాండము 20:16)



యోసేపు చనిపోయెనని యాకోబుతో చెప్పినదెవరు? ఆ భాగమును నిదానముగా చదివినయెడల, ఆ మాట ఎవరును చెప్పలేదని మీకు తెలియును. అన్నలు ఒక మేకను కోసి, దాని నెత్తుటితో తమ్ముని అంగీని తడిపి తండ్రియొద్దకు పంపించిరి. ఇది మాకు దొరికినది, నీ కుమారునిదేనేమో చూడుమనిరి. తక్కినదంతయు ఆ ముసలి తండ్రి తన కన్నులతో చూచి తానే అనుకొనెను.

అంగీ నిజమైన అంగీయే. యాకోబు తానే కుట్టించి యిచ్చినది. నెత్తురును నిజమైన నెత్తురే. అయినను ఆ రెండింటిని ఒకచోట చేర్చిన చేయి అబద్ధికుని చేయి. ఆ ఒక్క అబద్ధమువలన యాకోబు సుమారు 22 సంవత్సరములు బ్రతికియున్న కుమారునికొరకు ఏడ్చెను.

ఈ దినములలో అంగీని తడుపుట మిక్కిలి సులభమైన పనియైనది. ఇంటింట సెల్‌ఫోను ఉన్నది. వ్రేలితో నాలుగుమారులు తట్టినయెడల నల్లని ముఖము తెల్లనగును, పదిమంది కూడిక నూరుమంది కూడికయగును, ప్రక్కన నిలిచినవాడు మాయమగును, ఎన్నడును రానివాడు వచ్చి నిలుచును. ఇప్పుడు కృత్రిమ మేధ అను యంత్రబుద్ధి వచ్చినందున, కెమేరా లేకయే ఫొటోవంటి బొమ్మ తయారగుచున్నది. అందుచేత భక్తిగల కొందరు, దిద్దిన ప్రతి ఫొటోయు అబద్ధమే అనుచున్నారు. మరికొందరు, అందరును చేయుచున్నారు గదా, ఇందులో పాపమేమున్నది అనుచున్నారు. ఈ రెండు మాటలలో ఏది సరియైనది? లేక రెండును తప్పా? దీనిని దేవుని వాక్యపు వెలుగులో విచారింతము.

దిద్దని ఫొటో ఉన్నదా?

మొదట ఒక సంగతి ఒప్పుకొనవలెను. ఫొటోలను దిద్దుట కంప్యూటరుతో మొదలైనది కాదు. 1839లో ఫ్రాన్సు దేశమున డగేరు అనువాని పద్ధతి లోకమునకు ప్రకటింపబడినది. ఆ తరువాత కొలది కాలమునకే మనుష్యులు ఫొటోలను దిద్దసాగిరి. మన పట్టణములలోని పాత స్టూడియోలవారు నెగటివు మీద సన్నని పెన్సిలుతో ముఖపు మచ్చలను పూడ్చెడివారు. నలుపు తెలుపు ఫొటోకు చేతితో రంగులు వేసెడివారు. కోటు లేనివానికి స్టూడియోలో వ్రేలాడు కోటు తొడిగి కూర్చుండబెట్టెడివారు.

నేటి డిజిటల్ ఫొటో సంగతి చూడుడి. అది లక్షలకొలది చిన్న చుక్కల కూర్పు. ఒక్కొక్క చుక్కకు దాని వెలుగును రంగును తెలుపు అంకెలుండును. అంకె మారినయెడల చుక్క మారును, చుక్కలు మారినయెడల బొమ్మ మారును. మనము చేయి పెట్టకముందే ఫోను ఆ అంకెలను తానే సవరించుచున్నది. చీకటిలో మీరొక్క ఫొటో తీసితిమని అనుకొందురు గాని, ఫోను రెప్పపాటులో కొన్ని ఫొటోలను తీసి, వాటిని ఒకటిగా కలిపి, చీకటిని వెలుగుగా చేసి మీకు చూపును. కొన్ని ఫోనులు అడుగకయే ముఖమును నునుపు చేయును. కాబట్టి దిద్దినదంతయు అబద్ధమనినయెడల నిజమైన ఫొటో లోకములో ఒక్కటియు మిగులదు.

మరియొక ప్రక్కనుండియు చూడుడి. ఏమియు దిద్దని ఫొటో నిజము చెప్పునా? 1917లో ఇంగ్లాండు దేశపు కాటింగ్లీ గ్రామములో ఇద్దరు బాలికలు ఫొటోలు తీసిరి. వాటిలో వాగు ప్రక్కన రెక్కలుగల చిన్న వనకన్యలు ఆడుచున్నట్లుండెను. ఫొటోలు ఎరిగిన నిపుణుడొకడు గాజు పలకలను పరీక్షించి, వాటిలో కల్పన లేదని చెప్పెను. ఆర్థర్ కోనన్ డాయిల్ అను గొప్ప రచయితయే నమ్మి 1920లో పత్రికలో ప్రకటించెను. ఆ బాలికలు ముసలివారైన తరువాత, 1983లో, ఆ వనకన్యలు కాగితముమీద గీసి కత్తిరించి సూదులతో నిలిపిన బొమ్మలని ఒప్పుకొనిరి. పలకమీద అబద్ధము లేదు. కెమేరా ఎదుట ఉన్నదే అబద్ధము.

అపొస్తలుల కార్యములలోని అననీయ సప్పీరాలను జ్ఞాపకము చేసికొనుడి. వారు తెచ్చి పెట్టిన డబ్బు దొంగడబ్బు కాదు. తమ పొలమును అమ్మి తెచ్చినదే. కొంత తమయొద్ద ఉంచుకొనుటకు వారికి అధికారము లేకపోలేదని పేతురే చెప్పెను. వారి పాపమేమనగా, కొంతను తెచ్చి అంతయు ఇదేయన్నట్లు పెట్టుటయే. ఫొటో అంచు కత్తిరించువాడు ఈ మాట మరువరాదు. పందిటిలో ముందు వరుస చాపలు నిండియుండి వెనుక అంతయు ఖాళీగా ఉన్నప్పుడు, ముందు వరుసను మాత్రమే తీసి, విస్తారమైన జనము కూడిరని క్రింద వ్రాసినయెడల, ఒక్క చుక్కయైనను దిద్దకయే అననీయ చేసినది చేసినట్లే.

కాబట్టి, ఈ ఫొటోను ముట్టిరా ముట్టలేదా అని అడుగుట చాలదు. మరి ఏమని అడుగవలెను?

ఉపమానము వేరు, సాక్ష్యము వేరు

మన ప్రభువు ఉపమానములు చెప్పెను. మంచి సమరయుడు గాయపడినవానిని ఏ పూటకూళ్ల యింట దింపెనని ఎవరును విచారింపలేదు. తప్పిపోయిన కుమారుని తండ్రి పేరేమని ఎవరును అడుగలేదు. ఆ కథలు జరిగినవని ప్రభువు చెప్పలేదు, జరుగలేదని ఎవరును ఆయనను అబద్ధికుడనలేదు. ఏలయనగా చెప్పువాడును వినువాడును ఇది ఉపమానమని ఎరుగుదురు. వారి మధ్య మోసము లేదు.

అయితే అదే ప్రభువు పిలాతు ఎదుట నిలిచినప్పుడు, సత్యమునకు సాక్ష్యమిచ్చుటకే తాను వచ్చితినని చెప్పెను. అక్కడ ఉపమానము లేదు. సాక్షి తాను చూచినది చూచినట్లు చెప్పవలెను.

ఫొటోకును ఈ రెండు పనులు గలవు. ఒక ఫొటో ఉపమానముగా ఉండవచ్చును, మరియొకటి సాక్ష్యముగా ఉండవచ్చును. 1857లో ఇంగ్లాండులో రెజ్లాండర్ అను ఫొటోకారుడు జీవితపు రెండు మార్గములను చూపు ఒక పెద్ద ఫొటోను చేసెను. ఒక వృద్ధుడు ఇద్దరు యౌవనులను లోకములోనికి నడిపించుచున్నాడు. ఒకడు భక్తి, కష్టము, దయ అను వాటివైపు తిరుగుచున్నాడు. రెండవవాడు జూదము, త్రాగుడు అను వాటివైపు లాగబడుచున్నాడు. అట్టి దృశ్యము ఎక్కడను జరుగలేదు. 30కి పైగా వేరువేరు నెగటివులను కలిపి దానిని అతికిరి. విక్టోరియా రాణి దానిని కొనుక్కొనెను. అది అబద్ధమా? కాదు. చూచిన ప్రతివాడును ఇది ఉపమానమని ఎరుగును.

మన గ్రామములలోను ఇట్టివి కలవు. తల్లి ఫొటో ఒకచోట, తండ్రి ఫొటో ఒకచోట ఉండి, ఇద్దరును కలిసి తీయించుకొన్నది ఒక్కటియు లేకయే వారు ప్రభువునందు నిద్రించినప్పుడు, పిల్లలు స్టూడియోకు పోయి ఇద్దరిని ఒక్క ఫొటోగా చేయించి పటము కట్టించుదురు. దానిలో మోసపోవువాడెవడు? ఇంటివారందరు ఎరుగుదురు. అది ప్రేమచేత చేసిన ఉపమానము. పెండ్లి ఫ్లెక్సీలో వధూవరుల వెనుక మంచుకొండలున్నంతమాత్రమున, వారు అక్కడికి పోయివచ్చిరని ఊరిలో ఎవరును నమ్మరు. అయితే తల్లిదండ్రుల ఆ అతుకు ఫొటోనే తీసికొనిపోయి, ఆస్తి తగవులో ఫలాని దినమున వీరిద్దరు ఇక్కడ కలిసియుండిరని పెద్దల యెదుట రుజువుగా చూపినయెడల, అప్పుడది అబద్ధసాక్ష్యమగును. పటము మారలేదు. దానిచేత చెప్పించు మాట మారినది.

ఉపమానమునకు సాక్ష్యపు అంగీ తొడిగి పంపుటయే ఫొటోలోని అబద్ధము. పొరుగువానికి విరోధముగా అబద్ధసాక్ష్యమును నిషేధించిన ఆజ్ఞ నోటికి మాత్రమే కాదు, చేతిలోని ఫోనుకును చెందును.

మంచి పనికొరకు చేసిన కల్పన

ఇప్పుడు మన సంఘములకు మిక్కిలి దగ్గరైన సంగతికి వచ్చెదము. లండను నగరములో థామస్ జాన్ బర్నార్డో అను దైవసేవకుడు దిక్కులేని పిల్లలకు గృహములు కట్టెను. వేలకొలది పిల్లలు ఆయన చేతిక్రింద అన్నము, చదువు, పని నేర్పు పొందిరి. ఆయన పని గొప్పపని, దానిని ఎవరును కాదనలేరు. విరాళములకొరకు ఆయన జంట ఫొటో కార్డులను అమ్మించెను. ఒకదానిలో చినిగిన బట్టలతో వీధిలోనుండి వచ్చిన పిల్ల, రెండవదానిలో శుభ్రమైన బట్టలతో పనిచేయుచున్న అదే పిల్ల.

కొంతకాలమునకు ఆ కార్డులమీద ఫిర్యాదులు వచ్చెను. వీధిలో వార్తాపత్రికలు అమ్ముకొను పిల్లగా చూపబడిన ఒక బాలిక ఎన్నడును పత్రికలు అమ్మినది కాదు. పిల్లలు వచ్చినప్పటికంటె ఎక్కువ దీనముగా కనబడునట్లు వారి బట్టలను చింపిరని కూడ చెప్పిరి. 1877లో మధ్యవర్తులు ఆ వ్యవహారమును విచారించిరి. గృహములు మంచి పని చేయుచున్నవని చెప్పిరి గాని, ఆ కల్పిత ఫొటోలను తప్పుపట్టిరి. ఈ ఫొటో ఒక్క పిల్లను గూర్చినది కాదు, అట్టి స్థితిలోనున్న పిల్లలందరిని చూపుటకేనని బర్నార్డో వాదము. చూచితిరా? ఆయన దానిని ఉపమానమనుకొనెను. కార్డు కొన్నవారు సాక్ష్యమనుకొనిరి. తరువాత ఆయన అట్టి ఫొటోలను మానివేసెను.

సహోదరులారా, ఇది లండను సంగతియని దాటిపోవుదమా? దూరదేశపు దాతలకు పంపు నివేదికలలో ఒక్క బాప్తిస్మపు ఫొటో రెండు ఊళ్ల పేర్లతో పోవుట లేదా? ఇంట తల్లిదండ్రులున్న బిడ్డ అనాథయని ఫొటో క్రింద పేరు పొందుట లేదా? స్వస్థత కూటముల ఫ్లెక్సీలమీద కంప్యూటరులో అతికిన జనసమూహములు కనబడుట లేదా? ఎవరినో వేలెత్తి చూపుటకు ఇది వ్రాయుట లేదు. ఆ శోధన ఎంత తియ్యనిదో చెప్పుటకే వ్రాయుచున్నాము. గుడి పైకప్పు కారుచున్నది, పిల్లలకు పుస్తకములు కావలెను, దాత ఫొటో చూచి కాని ఇవ్వడు. దేవుని పనికొరకే గదా అని మనస్సు చెప్పును.

అయితే దేవుని పక్షముగా అబద్ధమాడుదురా అని యోబు తన స్నేహితులను గద్దించెను. మేలు కలుగుటకై కీడు చేయుదమనువారి వాదమును పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికలో త్రోసివేసెను. దేవునికి మన అబద్ధముతో అవసరము లేదు. అంతకంటె భయంకరమైనది, ఒకనాడు ఆ మోసము బయటపడినప్పుడు, నిజముగా ఆకలిగొన్న బిడ్డ ఫొటోను చూచియు దాత నమ్మడు. అబద్ధపు ఫొటో ఆ బిడ్డ నోటి అన్నమును దొంగిలినట్లే.

నిజమైన ఫొటోకు ఎంత బలమున్నదో కూడ వినుడి. 1885 నుండి 1908 వరకు ఆఫ్రికాలోని కాంగో దేశము బెల్జియము రాజైన రెండవ లియోపోల్డునకు సొంత ఆస్తివలె ఉండెను. రబ్బరుకొరకు అక్కడి ప్రజలను కొట్టి, చంపి, చేతులు నరికించుచుండిరి. ఆ వార్తలు వచ్చినప్పుడెల్ల రాజు పక్షమువారు కాదనుచుండిరి. 1904లో మిషనరీయైన ఆలిస్ సీలీ హారిస్ అను స్త్రీయొద్దకు న్సాలా అను తండ్రి ఒక ఆకుమూట తెచ్చెను. దానిలో, రబ్బరు కంపెనీ కావలివాండ్రు చంపిన అతని చిన్న కుమార్తె చేయియు పాదమును ఉండెను. వాటిని చూచుచు కూర్చున్న ఆ తండ్రిని ఆమె ఫొటో తీసెను. ఆమెయు ఆమె భర్తయు ఇంగ్లాండులోను అమెరికాలోను లాంతరు బొమ్మల సభలు పెట్టి ఆ ఫొటోను చూపించిరి. జనుల మనస్సు రగిలెను. 1908లో కాంగో ఆ రాజు చేతినుండి తీసివేయబడెను. ఆ ఒక్క ఫొటోవలననే ఇదంతయు జరిగెనని చెప్పము గాని, కాదనువారి నోరు మూయుటకు అది సాక్షిగా నిలిచెను. ఆమె ఒక్క చేతిని రెండుగా అతికియున్నయెడల, ఆ ఒక్క అబద్ధము చూపి లియోపోల్డు తక్కిన సత్యమంతటిని కొట్టివేసియుండును.

రక్తము చిందించిన అబద్ధము

ఫొటో దిద్దుట చిన్న సంగతియనువారు 2018 సంవత్సరమును జ్ఞాపకము చేసికొనవలెను. పాకిస్తాను దేశపు కరాచీలో, పిల్లల భద్రతను గూర్చి తల్లిదండ్రులను హెచ్చరించుటకు ఒక చిన్న వీడియో తీసిరి. మోటారుసైకిలుమీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకొను పిల్లవానిని ఎత్తుకొనిపోవుదురు, వెంటనే వెనుకకు వచ్చి పిల్లవానిని దింపి, బిడ్డను ఎత్తుకొనిపోవుట ఎంత సులభమో చూడుడని హెచ్చరించు అట్టను చూపుదురు. అది ఉపమానము. అయితే ఎవడో ఆ చివరి భాగమును కత్తిరించి, ఎత్తుకొనిపోవుటను మాత్రమే ఉంచి, మన దేశములో పిల్లల దొంగలు తిరుగుచున్నారని వాట్సాప్‌లో పంపెను. ఉపమానము సాక్ష్యమైపోయెను.

ఆ యేడు అట్టి వీడియోల వలనను వదంతుల వలనను దేశములో అనేకచోట్ల గుంపులు అపరిచితులను పట్టుకొని కొట్టి చంపెను. తెలంగాణలో కూడ మే నెలలో నిర్దోషులు చనిపోయిరి. జూలైలో వాట్సాప్ కంపెనీ మన దేశములో ఒక సందేశమును ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పంపకుండ హద్దు పెట్టెను.

నాబోతు ద్రాక్షతోట సంగతి మీరెరుగుదురు. ఇద్దరు అబద్ధసాక్షులు చెప్పిన మాటచేత ఊరివారు అతనిని రాళ్లతో కొట్టిరి. రాళ్లు రువ్వినవారు తాము నీతిని జరిగించుచున్నామనుకొనిరి. 2018లో కఱ్ఱలు పట్టినవారును తమ పిల్లలను కాపాడుకొనుచున్నామనుకొనిరి. కాబట్టి ఫొటోను దిద్దినవాడు మాత్రమే కాదు, విచారింపక ముందుకు పంపినవాడును సాక్షుల బోనులో నిలిచినవాడే. నేను చేయలేదు, నాకు వచ్చినది పంపితినని చెప్పుట చాలదు. యోసేపు అంగీని యాకోబు ఇంటికి మోసికొనిపోయినవాడును ఉన్నాడు గదా.

మన యిండ్లలో

ఇంత ఘోరము కాకపోయినను, దినదినము మన యిండ్లలో జరుగునవి కలవు. పెండ్లి సంబంధముకొరకు పంపు ఆడపిల్ల ఫొటోను తెల్లగా చేయించుట మామూలైనది. ఇది ఉపమానము కాదు. అవతలి ఇంటివారు దానిని సాక్ష్యముగానే చూతురు. పెండ్లిచూపుల నాడు వారు మోసపోయితిమనినయెడల, ఆ మాట పడునది స్టూడియోవాడు కాదు, చేతిలో కాఫీ పళ్లెముతో నిలిచిన ఆ బిడ్డయే. మోసముకంటె లోతైన గాయము మరియొకటి కలదు. దేవుడు నీకిచ్చిన రంగు చూపదగినది కాదని తల్లిదండ్రులే ఆ బిడ్డతో చెప్పినట్లగును.

1994 జూన్ నెలలో అమెరికాలో హత్యానేరము మోపబడిన ఒక నల్లజాతి క్రీడాకారుని పోలీసు ఫొటోను టైమ్ పత్రిక ముఖచిత్రముగా వేసెను. అదే వారము న్యూస్‌వీక్ పత్రికయు ఆ ఫొటోనే వేసెను. రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినవారికి, టైమ్ పత్రిక అతని ముఖమును మరింత నల్లగా చేసినట్లు కనబడెను. నలుపు ఎక్కువైనయెడల నేరము ఎక్కువగా కనబడునా అని జనులు కోపగించిరి. అక్కడ దోషిగా చూపుటకు నలుపు చేసిరి, ఇక్కడ యోగ్యురాలిగా చూపుటకు తెలుపు చేయుచున్నాము. రెండు చేతులును ఒక్క అబద్ధమునే వ్రాయుచున్నవి.

పని దగ్గరను ఇట్టి శోధన కలదు. 2023 జనవరి 1 నుండి ఉపాధి హామీ పనులలో కూలీల ఫొటో దినమునకు రెండుమారులు తీసి పంపవలెనని కేంద్ర ప్రభుత్వము నిర్బంధము చేసెను. పని చేయనివారి పేరుతో మస్టరు వేయకుండుటకే ఆ నియమము. 2025 జూలైలో ఆ ప్రభుత్వమే రాష్ట్రములకు వ్రాయుచు, పనితో సంబంధములేని ఫొటోలు వచ్చుచున్నవనియు, ఫొటోకే ఫొటో తీసి పంపుచున్నారనియు తెలిపెను. యంత్రము ఎంత గట్టిదైనను, హృదయము వంకరయైనయెడల దారి వెదకుకొనును.

కప్పుట వేరు, మార్చుట వేరు

అట్లయిన, ఫొటోలో దేనిని దాచినను పాపమేనా? కాదు. నోవహు గుడారములో వస్త్రహీనుడై పడియున్నప్పుడు, షేమును యాపెతును వెనుకకు నడచి వచ్చి తండ్రిని కప్పిరి. వారు అబద్ధమాడలేదు, ప్రేమించిరి. లైంగిక దాడికి గురియైన బిడ్డ గుర్తు తెలియునట్లు ఫొటో వేయకూడదని 2012 నాటి పోక్సో చట్టము చెప్పుచున్నది. పత్రికలో అట్టి బిడ్డ ముఖము మసకగా వేసినప్పుడు, ఇక్కడ ఒకటి కప్పబడినదని ఆ మసకయే చూచువారికి చెప్పును. అది సత్యముగా కప్పుట. చనిపోయిన తల్లి చివరి దినముల ఫొటోలో ముక్కునకు ఉన్న గొట్టమును తీసివేయించి జ్ఞాపకార్థ కూడికలో పెట్టుకొన్న కుమారుడు ఎవరిని మోసగించెను? తల్లి గౌరవమును కాపాడెను, అంతియే.

కప్పువాడు పొరుగువానిని కాపాడును. మార్చువాడు పొరుగువాని సొమ్మునో, నమ్మకమునో, ప్రాణమునో తీసికొనును. ఇతర స్త్రీల ముఖములను అసహ్యమైన దేహములకు అతికి పంపువారు ఈ రెండవ పాపపు అడుగుభాగమున ఉన్నారు. మన యౌవనులు నవ్వులాటకైనను అట్టిదానిని ముట్టరాదు, చూడరాదు, పంపరాదు.

కాబట్టి ఒక ఫొటోను దిద్దుటకు గాని పంపుటకు గాని ముందు మూడు సంగతులు మిమ్మును మీరే అడుగుకొనుడి. దీనిని చూచువాడు ఇది ఉపమానమనుకొనునా, సాక్ష్యమనుకొనునా? నేను మార్చినది అతనికి చెప్పినయెడల, మోసపోయితినని అతడు బాధపడునా? ఈ ఫొటోను నమ్మినందువలన ఎవరికైనను నష్టము కలుగునా? మొదటిదానికి సాక్ష్యమనియు, తక్కిన రెంటిలో ఒకదానికైనను అవుననియు జవాబు వచ్చినయెడల, ఆ ఫొటోను ఆపివేయుడి, లేదా మార్చినది మార్చినట్లు దాని క్రింద వ్రాయుడి. ఫ్రాన్సు దేశములో 2017 అక్టోబరు నుండి, వ్యాపార ప్రకటనలలో మోడళ్ల దేహమును సన్నముగానో లావుగానో దిద్దినయెడల, దిద్దిన ఫొటోయని వ్రాయవలెనని చట్టము అమలైనది. ప్రభువు బిడ్డలు చట్టము వచ్చువరకు ఎందుకు ఆగవలెను? నివేదికలో ఇది పోయిన సంవత్సరపు ఫొటో అని ఒక్క మాట వ్రాసినయెడల ఏమి పోవును? కొంచెము కానుక తగ్గవచ్చును. మనస్సాక్షి నిలుచును.

దిద్దబడని గ్రంథము, చెరపని గాయములు

లోకపు రాజులు తమ చరిత్రను వ్రాయించుకొన్నప్పుడు ఓటములను దాచుదురు. మన పరిశుద్ధ గ్రంథము దావీదు పాపమును దాచలేదు, పేతురు బొంకును తీసివేయలేదు. మత్తయి వ్రాసిన వంశావళిలో ప్రభువు పితరుల మధ్య తామారు, రాహాబు, ఊరియా భార్య కనబడుచున్నారు. ఏ స్టూడియోవాడైనను చెరుపగోరు మచ్చలన్నియు అక్కడ ఉన్నవి. మచ్చలున్నందుననే ఆ గ్రంథము మనవంటి పాపులకు సాక్ష్యముగా నిలుచుచున్నది.

అన్నిటికంటె, లేచిన ప్రభువును చూడుడి. మరణమును జయించిన ఆ మహిమ దేహమున మేకుల గుర్తులను చెరుపుట ఆయనకు అసాధ్యమా? ఆయన చెరుపలేదు. సందేహించిన తోమా యెదుట అవే చేతులను, అదే ప్రక్కను చూపెను. ఆ గాయములు లేకుండిన తోమా నమ్మియుండడు.

ఆ గాయములచేత కొనబడిన మనము, మన యింటి బిడ్డ రంగును, మన సంఘపు చిన్న సంఖ్యను, మన బీదతనమును ఉన్నవి ఉన్నట్లు చూపుటకు సిగ్గుపడనక్కరలేదు. మన చేతిలోని ఫోను పొరుగువానికి అంగీని తడుపు తొట్టి కాకుండ, సత్యమునకు సాక్షియగునట్లు ప్రభువు మనకు కృప దయచేయును గాక. ఆమేన్.